18వ శతాబ్దపు జరీ కుట్టు చాజుబుల్: చదవడం, దుమ్ము తీయడం, చిరుగు కుట్టడం, దాచడం

చర్చి బీరువాలో హ్యాంగరుకు వేలాడుతున్న పాత చాజుబుల్ కనిపిస్తే భుజాలు పట్టుకుని పైకెత్తకండి. హ్యాంగరుతో సహా తీసి, కింద రెండో మనిషి రెండు చేతులూ పరచి, బల్ల మీద పడుకోబెట్టాకే హ్యాంగరు లాగాలి. కాథలిక్ చర్చిలో పూజ చేసే గురువు అన్నిటికంటే పైన వేసుకునే వస్త్రం ఇది. ఇందులో పట్టు బట్ట అడుగున ఉండే నేల మాత్రమే. దాని మీద బంగారు పూత వెండి జరీ, పల్చగా గీకి ఆరబెట్టిన జంతు చర్మమైన పార్చ్‌మెంట్ ముక్కలు, మైనం రాసిన దారాలు, చమ్కీలు, అంచుల్లో జరీ పట్టీలు. నిండు కుట్టు ఉన్నది కొన్ని కిలోలు తూగుతుంది. రెండున్నర వందల ఏళ్లుగా ఆ బరువంతా మోస్తున్నది సన్నని పట్టు పోగులు. అందుకే కింద చెప్పే ప్రతి పనికీ ఒకటే కొలమానం: పట్టు మీద నుంచి ఎంత బరువు దించగలిగాం?

పూర్తి సెట్టులో అయిదు ఉంటాయి. చాజుబుల్, మెడలో వేసుకునే స్టోల్, ఎడమ ముంజేతికి వేసుకునే మానిపుల్, పూజా పాత్ర మీద కప్పే చదరపు వీల్, పాత్ర కింద పరిచే కార్పొరల్ గుడ్డను పెట్టుకునే సంచి బర్స్. పెద్ద పూజల సెట్టయితే గురువుకు సహాయపడే డీకన్లు వేసుకునే చేతుల వస్త్రాలైన డాల్మాటిక్‌లు, భుజాల మీద కప్పుకునే పొడవాటి కోప్ కూడా చేరతాయి. 1967లో మానిపుల్ తప్పనిసరి కాకుండా పోయింది. ఆ తర్వాత చాలాచోట్ల అది మాయమైంది, లేదా కత్తిరించి మిగతావాటికి మాసికలుగా వేశారు. కాబట్టి చాజుబుల్ మీద వింత మాసిక కనిపిస్తే ఊడదీసేముందు ఒకసారి ఆలోచించండి. అది అదే సెట్టులోని మానిపుల్ ముక్క కావచ్చు.

ముందు చదవాలి

బల్ల కనీసం 150 × 100 సెం.మీ. ఉండాలి. దాని మీద గంజి పోయేలా ఉతికిన కోరా మల్లు గుడ్డ పరవండి. ఉంగరాలు, గాజులు, వాచీ, మెడలో వేలాడే ఐడీ కార్డు తీసి పక్కన పెట్టండి. జరీని ముట్టుకునేటప్పుడు నైట్రైల్ గ్లోవ్స్ వేసుకోండి, చెమటలోని ఉప్పు వెండిని నల్లబరుస్తుంది. నూలు గ్లోవ్స్ వద్దు. లేచిన జరీ కొసలకు వాటి నూగు తగులుకుని, చెయ్యి తీస్తే కుట్టు కూడా లేచి వస్తుంది. రాసుకోవడానికి పెన్సిలే, పెన్ను ఆ గదిలోకే రాకూడదు.

మొదట కోత చూడండి. వీపున పెద్ద సిలువ, ముందు నిలువు పట్టీ ఉంటే ఫ్రెంచి పద్ధతి. ముందు టీ అక్షరంలాంటి సిలువ, వీపున నిలువు పట్టీ ఉంటే ఇటాలియన్. రెండు వైపులా నిలువు పట్టీలే ఉండి, కింద వెడల్పై గిటారు ఆకారంలో ఉంటే స్పానిష్ వైపుది. ఇది తిరుగులేని రుజువు కాదు. పాత వస్త్రాలను తర్వాతి తరాలు తమ వాడుక ప్రకారం మళ్లీ కత్తిరించాయి. కుట్టిన పువ్వు సగంలో అంచు కిందికి పోతుంటే అక్కడ కత్తెర పడిందని అర్థం.

తర్వాత బట్ట వెడల్పు. ఫ్రాన్సులోని లియోన్ మగ్గాల మీదా, లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్ మగ్గాల మీదా నేసిన పట్టు సుమారు 50–55 సెం.మీ. వెడల్పే. చైనా నుంచి వచ్చిన పట్టు దాదాపు 75 సెం.మీ. ఉంటుంది. చాజుబుల్ వీపు వెడల్పు 65–75 సెం.మీ. కాబట్టి యూరప్ పట్టుతో కుట్టినదాంట్లో నిలువు అతుకు తప్పదు. మామూలుగా అది గలూన్ అనే జరీ పట్టీ కింద దాక్కుంటుంది. అలా కాకుండా అరచేతంత ముక్కలు అడ్డదిడ్డంగా అతికి, వాటి మీద పాత కుచ్చిళ్ల గీతలు, వరసగా సూది బెజ్జాలు కనిపిస్తే అది ఒకప్పుడు గౌను అయి ఉంటుంది. ధనిక స్త్రీలు తమ పట్టు గౌన్లు చర్చికి ఇవ్వడం, వాటిని పూజా వస్త్రాలుగా తిరగకుట్టడం ఆ రోజుల్లో మామూలే. ఆ గీతలను నలిగిన మడతలనుకుని చదును చేస్తే బట్ట మొదటి బతుకు తాలూకు గుర్తు పోయినట్టే.

పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో ఒక బంగారు తీగను, ఒక పువ్వును తీరిగ్గా చూడండి. జరీ పోగు మధ్యలో పట్టు దారం, దాని చుట్టూ సన్నని లోహపు బద్ద చుట్టి ఉంటుంది. బంగారు జరీకి లోపల పసుపు దారం, వెండి జరీకి తెల్ల దారం. బద్ద కొంచెం విడిపోయినా సందుల్లో వేరే రంగు కనబడకూడదని ఆ ఏర్పాటు. బద్ద బదులు పూత పూసిన కాగితం చుట్టి ఉంటే అది చైనా లేదా జపాన్ పని. జరీని రెండేసి పోగులుగా పరచి, సన్న పట్టు దారంతో కొన్ని మిల్లీమీటర్లకోసారి అదిమి కట్టేస్తారు. దీన్నే కౌచింగ్ అంటారు. ఉబ్బెత్తుగా ఉన్న ఆకుల కింద పార్చ్‌మెంటో, నూలు పురులో పెట్టి ఉంటాయి. ఆకారం ప్రకారం కత్తిరించిన పార్చ్‌మెంట్ మీదుగా జరీని అటూ ఇటూ తిప్పి, అంచుల్లో మాత్రమే కుట్టి పట్టే పద్ధతిని గిప్యూర్ అనేవారు. 1770లో పారిస్‌లో ఫ్రెంచి రాజుకు నమూనాలు గీసిన సెయింట్-ఆబిన్ ఎంబ్రాయిడరీ పని గురించి రాసిన గ్రంథంలో ఈ పద్ధతులన్నీ బొమ్మలతో సహా ఉన్నాయి. మెరుపు కోసం మధ్య మధ్య జర్దోసీ తీగ ముక్కలు కుట్టేవారు. స్ప్రింగులా చుట్టిన తీగను పూసల్లా కోసి పెట్టడమన్న మాట. చమ్కీలో నడిమి బెజ్జం నుంచి అంచు దాకా సన్నని గీత ఉందేమో చూడండి. తీగ చుట్టను తుంచి, ఒక్కో ఉంగరాన్ని సుత్తితో చదును చేసినందువల్ల ఆ గీత పడుతుంది. రేకు నుంచి పంచ్ కొట్టిన తర్వాతి కాలపు చమ్కీకి అది ఉండదు.

పువ్వుల్లో పొడవు-పొట్టి కుట్లు నాలుగైదు ఛాయల్లో కలిసిపోయి ఉంటాయి. ఆకులు నీలంగా కనిపిస్తే అది కుట్టినవాళ్ల ఊహ కాదు. ఆ ఆకుపచ్చ నీలిమందు మీద పసుపు రంగు వేసి చేసింది, పసుపు వెలుతురుకు ఎగిరిపోయి నీలం మిగిలింది. అస్తరు తిరగేసి లోపలి వైపు చూడగలిగితే అసలు రంగులు కనిపిస్తాయి. గోధుమ, నలుపు గీతలు రాలిపోయి కుట్టు బెజ్జాలే మిగిలితే కారణం అద్దకంలోని ఇనుము. అది పట్టును లోలోపల తినేస్తుంది. దానికి మందు లేదు, రాలకుండా పట్టి ఉంచడమొక్కటే దారి.

వయసు విషయంలో ఎక్కువగా మోసపోయే చోటు ఒకటుంది. 19వ శతాబ్దంలో పాత కుట్టును పువ్వు పువ్వుగా కత్తిరించి కొత్త పట్టు మీద అతికించడం బాగా సాగింది. పువ్వు అంచు చుట్టూ కత్తిరింపును దాచే లావు పురి, దాని పక్కన నేల పట్టుకు సంబంధం లేని రంగు పోగుల అంచు కనిపిస్తే ఆ అనుమానం రావాలి. మిషను కుట్టు గానీ, కళ్లు చెదిరే ఊదా రంగు అస్తరు గానీ ఉంటే ఆ భాగం 1850ల తర్వాతిదే. మొదటి కృత్రిమ ఊదా రంగు 1856లో వచ్చింది. దానర్థం వస్త్రమంతా కొత్తదని కాదు, అస్తరు ఎప్పుడైనా మారుస్తూనే ఉంటారు.

అరుగుదల ఎక్కడ వెతకాలి? భుజాల మీద, మెడ చుట్టూ, ముందు పీఠం అంచుకు రాసుకునే నడుము ఎత్తులో, జరీ పట్టీకి ఆనుకుని ఉన్న పట్టులో. వీపు వైపు కింది అంచును చాలామంది మరిచిపోతారు. పాత పద్ధతి పూజలో గురువు పవిత్ర అప్పాన్ని పైకెత్తేటప్పుడు వెనక మోకరించిన పరిచారకుడు ఆ అంచును చేత్తో పట్టి లేపేవాడు. తరాలుగా వేళ్లు తగిలిన జిడ్డు, నలుగుడు సరిగ్గా అక్కడే ఉంటాయి. స్టోల్‌కు మెడ నడిమిన ఉండే చిన్న సిలువను గురువు వేసుకునేముందు ముద్దు పెట్టుకుంటాడు కాబట్టి అది కూడా అరిగే ఉంటుంది.

దుమ్ము

దుమ్ము వల్ల ఒట్టి మురికే అయితే ఫర్వాలేదు గానీ, దానిలోని ఇసుక రేణువులు పోగులను కోస్తాయి, తేమను పట్టి ఉంచుతాయి. దాన్ని తీయాల్సిందే. చూషణ తగ్గించగలిగే వాక్యూమ్ కావాలి. గొట్టం మూతికి నైలాన్ నెట్ కట్టండి. వస్త్రం మీద మరో నెట్ ఫ్రేము పెట్టి, గొట్టాన్ని రెండు సెంటీమీటర్ల ఎత్తులో ఆపి, మెత్తని మేక వెంట్రుకల బ్రష్‌తో దుమ్మును దాని వైపు తోయండి. బ్రష్ పడుగు వెంట కదలాలి, అడ్డంగా కాదు. శాటిన్ నేతలో పైన తేలే పోగులు అడ్డంగా తోస్తే లేచిపోతాయి. చమ్కీలు, జర్దోసీ ముక్కలు వదులుగా ఉన్నచోట వాక్యూమ్ వద్దు, బ్రష్ కొసతో ఒక్కొక్కటే. ఊడి పడినవి చిన్న కవరులో వేసి, ఎక్కడ దొరికాయో కవరు మీద రాయండి. అంగుళం చోటుకు పావుగంట పట్టినా తప్పు లేదు.

నీళ్లు, డ్రై క్లీనింగు, ఇస్త్రీ, ఆవిరి ఏవీ వద్దు. నీళ్లు తగిలితే రంగులు దిగుతాయనేది అందరికీ తెలుసు. తక్కువమందికి తెలిసింది లోపలి పార్చ్‌మెంట్ సంగతి. అది తేమకు ఉబ్బి, వేడికి ముడుచుకుంటుంది. ముడుచుకున్న పార్చ్‌మెంట్ మీది జరీ వదులై ఉంగరాలుగా లేస్తుంది, దాన్ని మళ్లీ కూర్చోబెట్టలేం.

నల్లబడిన జరీని తోమకండి. నిమ్మకాయ, సోడా, వెండి పాలిష్ ఏదైనా అంతే. ఆ వెండి బద్ద మీది బంగారం వెంట్రుక మందంతో పోలిస్తే లెక్కలోకి రానంత పల్చన. నలుపు తోమితే నలుపుతో పాటు బంగారమూ పోతుంది, వారం పాటు తెల్లగా మెరిసి, కింది వెండి మళ్లీ నల్లబడుతుంది. పాలిష్ మిగులు లోపలి పట్టు దారంలో చేరి దాన్నీ తింటుంది. నలుపుతో బతకడం నేర్చుకోవాలి.

కొవ్వొత్తి మైనం చుక్కలు చూడగానే బ్లాటింగ్ కాగితం పెట్టి ఇస్త్రీ చేయాలనిపిస్తుంది. కరిగిన మైనం పైన ఉన్నది లోపలికి దిగి, పట్టు మీద జిడ్డు మచ్చగా శాశ్వతంగా ఉండిపోతుంది. పైకి ఉబ్బి ఉన్న భాగాన్ని మాత్రం వెదురు చెక్కతో చిన్న చిన్న పెళ్లలుగా తీసి, మిగతాది వదిలేయండి. దారంతో పాటు రాబోతుంటే అదీ వద్దు.

చిరుగు

సాధారణంగా చిరుగు కుట్టు మీద రాదు, కుట్టు పక్కన వస్తుంది. జరీ గట్టిగా, నేల పట్టు మెత్తగా ఉంటాయి. వస్త్రం వంగినప్పుడల్లా ఆ రెండింటి సరిహద్దులోనే పట్టు విరుగుతుంది. అక్కడ రెండు అంచులూ దగ్గరకు లాగి రఫూ చేస్తే పక్కనే కొత్త చిరుగు పుడుతుంది, ఎందుకంటే బరువు ఇంకా అదే పట్టు మీద ఉంది. చేయాల్సింది కింద ఒక కొత్త బట్ట పెట్టి, బరువును దానికి అప్పగించడం.

కావలసినవి: సన్నని హబుటాయ్ పట్టు, వెంట్రుకంత సన్నని పట్టు దారం, 12వ నంబరు సూది లేదా వంపు సూది, కీటకాలను గుచ్చే సన్న పిన్నులు, పల్చని లోహపు స్పాచులా. దారం దొరక్కపోతే క్రెపెలీన్ అనే, అవతలివైపు కనిపించేంత పల్చని పట్టు నుంచి పోగులు లాగి వాడవచ్చు. దారం అసలు పట్టు కంటే బలహీనంగా ఉండాలి. ఎప్పుడైనా లాగుడు పడితే తెగాల్సింది మన దారమే. రంగు కోసం బట్టను టీలో ముంచకండి. పాతదనం వస్తుంది నిజమే, దానితో పాటు టానిన్, ఆమ్లం కూడా వస్తాయి.

4 సెం.మీ. చిరుగుకు పని ఇలా సాగుతుంది.

1. ఫొటో తీయండి, ఒకటి పక్క నుంచి పడే వెలుతురులో. అస్తరు పాతదైతే విప్పవద్దు, మాసికను చిరుగు గుండానే లోపలికి పంపవచ్చు. అస్తరు తర్వాతి కాలపుదైతే పక్క కుట్టు 15 సెం.మీ. మాత్రమే విప్పి, విప్పిన దారాన్ని దాచండి.

2. చిరుగుకు అన్ని వైపులా 2 సెం.మీ. మించేలా హబుటాయ్ కత్తిరించి, దాని పడుగు వస్త్రం పడుగుతో కలిసేలా స్పాచులాతో కిందికి జరపండి. వంకరగా పడితే రెండు బట్టలూ వేర్వేరు దిక్కుల్లో సాగి, నెల తిరిగేసరికి ముడతలు పడతాయి.

3. చిరుగు అంచులను వేలితో సుతారంగా పక్కపక్కకు చేర్చండి. కలవకపోతే లాగి కలపకండి. ఆ ఖాళీ బట్ట కుంచించుకుపోవడం వల్ల ఏర్పడింది, కింద మాసిక రంగు కనిపించినా నష్టం లేదు.

4. చిరుగుకు అడ్డంగా పొడవాటి దారపు గీతలు పరవండి. గీతకూ గీతకూ 3–4 మి.మీ. ఎడం. ప్రతి గీతా చిరుగు దాటి గట్టి బట్టలోకి కనీసం 1 సెం.మీ. పోవాలి. ఆ గీతను అయిదారు మిల్లీమీటర్లకో చిన్న అడ్డ కుట్టుతో పట్టి ఉంచండి. సూది రెండు పోగుల నడుమ దిగాలి, పోగును చీల్చకూడదు.

5. గీతల కొసలు ఒకే వరసలో ఆగకుండా ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా ఆపండి. అన్నీ ఒకే వరసలో ఆగితే ఆ బెజ్జాల వరసే రేపటి చిరుగు.

6. బిగువు చూసుకోండి. దారం బట్ట మీద ఆని ఉండాలి, బట్టలో గాడి చేయకూడదు. ఏటవాలు వెలుతురులో గుంటలు కనిపిస్తే ఆ కుట్టు విప్పి మళ్లీ వేయాలి.

పొడిలా రాలిపోతున్న పెద్ద జాగాకు, ముఖ్యంగా భుజాలకు, ఈ పద్ధతి చాలదు. సూది పడ్డ ప్రతిచోటా ఇంకాస్త రాలుతుంది. అక్కడ రంగు కలిపిన క్రెపెలీన్ పైన కప్పి, చుట్టూ గట్టి బట్టలోనే కుట్టాలి. ఉబ్బెత్తు జరీ మీదుగా కప్పితే గుడారంలా నిలబడుతుంది కాబట్టి పువ్వుల చుట్టూ కత్తిరించండి. జిగురు, ఇస్త్రీతో అంటుకునే లైనింగు మాత్రం ఎంత చిన్న చోటైనా వాడకండి. పాత బాగుచేతల్లో అన్నిటికంటే ఏడిపించేది అదే. జిగురు గట్టిపడి పచ్చబడుతుంది, ఊడదీస్తే పట్టు దానితోనే వస్తుంది.

లేచిన జరీకి కౌచింగ్ మళ్లీ వేసేటప్పుడు పాత బెజ్జాల్లోంచే సూది పంపండి. పోగును వేలితో తోసి కాదు, వెదురు పుల్లతో నెమ్మదిగా మొదటి చోటికి తేవాలి. పదునుగా వంచితే బద్ద పగిలి లోపలి పసుపు దారం బయటపడుతుంది. విడిపోయిన కొసను కత్తిరించవద్దు. ఊడిన జరీని లాగి తీసేయాలన్న ఆశ కొత్తదేమీ కాదు. 18వ శతాబ్దపు ఫ్రాన్సులో పాత బట్టల జరీ విప్పి అమ్ముకోవడం గొప్పింటి ఆడవాళ్ల కాలక్షేపం, పేరు పర్ఫిలాజ్. ఫ్రెంచి విప్లవ కాలంలో లోహం కోసం పూజా వస్త్రాలనే కాల్చారు. మిగిలినవి తక్కువ కావడానికి అదొక కారణం.

పురుగు

బట్టల చిమ్మటకు ఉన్ని ఎక్కువ ఇష్టం, అయినా జిడ్డు పట్టిన పట్టును వదలదు. రంధ్రాలు, గరుకు గూళ్లు, ఇసుకలాంటి రెట్ట కనిపిస్తే వస్త్రాన్ని వెంటనే వేరు చేయండి. టిష్యూలో చుట్టి, పాలిథిన్ సంచిలో గాలి తీసి సీలు చేసి, -30 డిగ్రీల్లో 3 రోజులు, లేదా -20 డిగ్రీల్లో 2 వారాలు ఉంచండి. బయటికి తీశాక 24 గంటలు సంచి విప్పకండి. చల్లని జరీ మీద గదిలోని తేమ నీరై కూర్చుంటుంది. రంగులతో చిత్రించిన ముఖాలున్న వస్త్రాన్ని ఇలా చేయకుండా నిపుణులకు అప్పగించాలి. నాఫ్తలీన్ గోళీలు వద్దు.

దాచడం

చాజుబుల్‌కు లోపలి కొలత 125 × 85 × 15 సెం.మీ. ఉండే ఆమ్లరహిత పెట్టె సరిపోతుంది. పట్టుకు వాడే టిష్యూ ఆమ్లం లేనిదే కాదు, క్షారం కలపనిది కూడా అయి ఉండాలి. క్షారం కలిపినది నూలుకు, నారకు మంచిది, పట్టుకు కాదు. ముందు భాగానికీ వీపు భాగానికీ మధ్య టిష్యూ పరచండి. భుజాల మడతలో 6–8 సెం.మీ. లావు టిష్యూ చుట్టను పెట్టండి. మడత గీతగా కాక గుండ్రంగా తిరగాలి. పెట్టె అడుగున బట్ట చుట్టిన గట్టి పలక ఉంచితే రేపు తీసేటప్పుడు పలకనే ఎత్తవచ్చు, వస్త్రాన్ని కాదు. ఉబ్బెత్తు కుట్టు పైకి ఉండాలి, చుట్టూ పల్లంగా ఉన్నచోట టిష్యూ మెత్తలు నింపాలి. ఒక పెట్టెలో ఒకటే, ఒకదాని మీద ఒకటి వద్దు.

స్టోల్‌ను మడవకుండా 10 సెం.మీ. గొట్టానికి కుట్టు బయటికి వచ్చేలా వదులుగా చుట్టవచ్చు. కోప్ అర్ధవృత్తం, విప్పితే మూడు మీటర్ల దాకా వస్తుంది. దానికి పెద్ద సొరుగు లేకపోతే ఒక్క మడతే వేసి, ఆ మడతలో చుట్ట పెట్టండి. 1742లో పవిత్ర రోమన్ చక్రవర్తి ఏడో కార్ల్ పట్టాభిషేకానికి చేయించిన, జర్మనీలోని కొలోన్ కెథెడ్రల్ వస్త్రాల్లాంటి నిండు జరీ పనినైతే చుట్టడం గురించి ఆలోచించనే కూడదు.

ఓక్ చెక్క సొరుగు ఆమ్లపు ఆవిరి వదులుతుంది, రబ్బరు గంధకాన్ని వదులుతుంది, ఉన్ని ఫెల్ట్ కూడా అంతే. వెండి నల్లబడటానికి ఈ గంధకమే పెద్ద కారణం. గదిలో తేమ 50–55 శాతం దగ్గర నిలకడగా ఉండాలి, 65 దాటితే బూజు. ప్రదర్శనకు పెడితే వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలత) మించకూడదు. రోజుకు 8 గంటల చొప్పున 90 రోజులు అలా పెడితే 36,000 లక్స్-గంటలు. 1000 లక్స్ పడే కిటికీ పక్కన అదే మోతాదు 36 గంటల్లో అయిపోతుంది. హ్యాంగరు బదులు బట్ట చుట్టిన వాలు పలక మీద పెట్టండి. వాలు ఎంత తక్కువైతే భుజాల మీద లాగుడు అంత తక్కువ.

చివరగా, పేరు చీటీని పిన్నుతో గుచ్చవద్దు. నూలు టేపు మీద నంబరు రాసి, అస్తరు అంచులో రెండు వదులు కుట్లతో పట్టించండి. అదే నంబరు పెట్టె బయట కూడా రాయండి, నంబరు వెతకడానికి పెట్టె విప్పాల్సిన పని రాకూడదు.